బొట్టు కింద తేదీ

మొన్న మధ్యాహ్నం ఐదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఫోను టింగుమంది. మీ కారు బీమా గడువు ముప్పై రోజుల్లో ముగుస్తుందని సందేశం. నేను ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాను. ఇన్నేళ్ళలో ఈ కబురు నాకు ఫోను చెప్పేదాకా ఎప్పుడూ ఆగలేదు. మనిషే వచ్చి చెప్పేవాడు. ముప్పై రోజుల ముందు ఒకసారి, పదిహేను రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, ఆపైన రోజుకొకసారి. బడి గేటు దగ్గర స్కూటరు ఆపి, చెప్పులు బయట విడిచి, తరగతి గుమ్మంలో నిలబడి, ముప్పై మంది పిల్లల ముందు "అయివారూ, మీకింక నెల్లాళ్ళే ఉండాది" అనేవాడు. అని, వివరం చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. ఒక ఏడాది ఇద్దరు ఆడపిల్లలు నాకేదో జబ్బని ఇంటికెళ్ళి ఏడ్చారట. వాళ్ళ అమ్మలు యాపిల్ పళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

ఆయన పేరు రాయను. రాసినా మదనపల్లెలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన మాస్టరు. బస్టాండు వెనక రేకుల గదిలో డ్రైవింగు స్కూలు, ఒక పాత కారు, గోడకు ట్రాఫిక్ గుర్తుల పటం, అంతే ఆస్తి. బోర్డు మీద స్కూలు పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. దాని పైన ఎర్ర రంగుతో 146 అని జానెడు ఎత్తు అంకెలు. అది బస్సు నంబరనుకుని ఊళ్ళకు పోయేవాళ్ళు అక్కడ నిలబడేవాళ్ళు. మాస్టరు వాళ్ళను తిప్పి పంపేవాడు కాదు, బెంచీ మీద కూర్చోబెట్టి మోటారు వాహనాల చట్టంలో నూట నలభై ఆరో సెక్షను చెప్పేవాడు. బీమా లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు, ఇంకొకరి చేత నడిపించకూడదు, నడుపుతామంటే ఒప్పుకోకూడదు. వాళ్ళు అన్నిటికీ తలూపి, "బి.కొత్తకోట బస్సు ఎన్నింటికి సామీ?" అని అడిగేవాళ్ళు.

నేను నలభై ఎనిమిదో ఏట కారు నేర్చుకున్నాను. ఆ వయసులో నేర్చుకోవడమే సిగ్గు, పైగా మా ఊళ్ళో నా దగ్గర చదువుకోని వాడు లేడు. వారంలో వచ్చేస్తుందని అందరూ అన్నారు కదా అని వెళితే, నాలుగు రోజులు ఆ మనిషి నన్ను స్టీరింగు ముట్టనివ్వలేదు. బీమా కాగితం చేతికిచ్చి పైకి చదవమన్నాడు. బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, అన్నీ గట్టిగా. నేను పిల్లలచేత ఎక్కాలు చెప్పించినట్టు ఆయన నా చేత ఇంజను నంబరు చెప్పించాడు. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. తేదీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్ను ఆపి, కళ్ళు మూసుకుని తానే చెప్పేవాడు. ఎంతమంది శిష్యులకు ఎన్ని కార్లున్నా అందరి తేదీలూ ఆయనకు నోటికి వచ్చు. అది ఆయన గర్వం.

"బండికి చక్రాలెన్ని అయివారూ?" అని అడిగాడు ఐదో రోజు.

"నాలుగు."

"ఐదు. ఐదోది కాయితం."

"మరి వెనక డిక్కీలో ఉన్న స్టెప్నీ?"

"అది ఆరోది," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

చదవడం అయ్యాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దర్జీ చేత ప్రత్యేకంగా కుట్టించుకున్న చొక్కా లోపలి జేబులో, సరిగ్గా గుండె మీద పెట్టుకునేవాడు. బండి కదిలినంతసేపూ అది అక్కడే. పాఠం అయి ఇంజను ఆపాక తీసి మళ్ళీ నా చేతిలో పెట్టి, "సల్లంగా పోయొచ్చినాం" అనేవాడు. నేను నా సొంత కారు కొన్నాక కూడా, ఎప్పుడైనా పక్కన కూర్చుంటే ఇదే తంతు. ముందు కాగితం తీసుకోవడం, జేబులో పెట్టుకోవడం, దిగేటప్పుడు తిరిగివ్వడం. మా ఆవిడ దీన్ని చూసి, "మీ ఇద్దరికీ ఏదో అయింది" అనేది.

ఆయనతో ఎక్కడికైనా బయలుదేరితే తల ప్రాణం తోకకు వచ్చేది. ఒకసారి అంగళ్ళు ఊరి కాలేజీ దగ్గర ఇద్దరం ఆటో ఎక్కాం. ఆటో నాలుగడుగులు వేసిందో లేదో, డ్రైవరును కాగితం అడిగాడు. అతను నవ్వి, "యాడో ఇంట్లో ఉండాది, అయిపోయినట్టుండాది" అన్నాడు. మాస్టరు ఆపమని దిగిపోయాడు. నేను దిగలేదు. ఎండ మండిపోతోంది, నేనెందుకు దిగుతాను? ఆయన తన సంచి మాత్రం ఆటోలోనే ఉంచాడు. సంచికి ప్రాణం లేదు కాబట్టి పోవచ్చట. నేను దిగలేదు కాబట్టి నా సంగతి నా ఇష్టమట. అలా నేనూ సంచీ ఆటోలో, ఆయన పక్కన నడుస్తూ. ఆ ఆటో డ్రైవరు కూడా మంచివాడే, పాపం మనిషి వెనకబడిపోతాడని మొదటి గేరులోనే నడిపాడు. మదనపల్లె చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. నడిచిన మనిషి బాగానే ఉన్నాడు, ఆటోలో కూర్చున్న నాకే నడుములు పట్టేశాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద చాలాసార్లు ఒళ్ళు మండేది. ఏ మనిషికైనా ఒక చాదస్తం ఉంటుంది, కానీ దాన్ని పక్కవాడి నెత్తిన రుద్దకూడదు కదా. "పోలీసులకే లేని బాధ మీకెందుకు మాస్టరూ?" అని ఒకసారి అడిగాను. ఆయన ఏదో చెప్పబోయి, గది మూలన స్టూలు మీద కూర్చున్న గంగులప్ప వైపు చూసి ఊరుకున్నాడు.

గంగులప్ప గురించి చెప్పాలి. నిమ్మనపల్లె వైపు మనిషి, గొర్రెల కాపరి. ఎడమ కాలు మోకాలి కింద లేదు, చంకలో కర్ర. మాస్టరు కంటే పదిహేనేళ్ళు పెద్ద. వారానికి రెండు మూడు రోజులు వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని, టీ తాగి, శిష్యులను వెక్కిరించి పోయేవాడు. "ఈ అయివారు బ్రేకు తొక్కమంటే బెల్లు కొట్టినాక తొక్కుతాడప్పా" అన్నది ఆయనే. ఆయుధ పూజ నాడు మాత్రం గంగులప్పే పూజారి. ప్రతి ఏడూ మాస్టరు పురోహితుణ్ణి పిలవకుండా ఆయనను పిలిచేవాడు. గంగులప్ప స్నానం చేసి వచ్చి, కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, బానెట్టు మీద పరిచిన బీమా కాగితానికి కూడా బొటనవేలితో ఒత్తి పెద్ద బొట్టు పెట్టేవాడు. మాస్టరు ఆ కాగితానికి వంగి దండం పెట్టేవాడు. గంగులప్ప కాలికి దండం పెడుతున్నాడని నాకు అప్పుడు తెలియదు.

ఇంతకీ చెప్పదలుచుకున్నది మాస్టరు కూతురి నిశ్చితార్థం రోజు సంగతి.

అమ్మాయి నర్సింగు చదివింది. కుప్పం సంబంధం. అబ్బాయి తండ్రి వేళ దగ్గర పట్టుదల మనిషి. పదకొండు లోపల తాంబూలాలు మార్చుకోవాలి, దాటితే మంచి గడియ లేదు, లేటు చేసే ఇంటితో తనకు పొత్తు కుదరదు అని ముందే చెప్పాడు. అంతకు ముందు రెండు సంబంధాలు మాస్టరు చాదస్తం వల్లే తప్పిపోయాయి. ఒక పెళ్ళికొడుకును చూపులనాడే బండి కాగితం అడిగాడు, ఇంకొకరిని వాళ్ళ నాన్న ట్రాక్టరు గురించి అడిగాడు. అందుకని ఈసారి భార్య ఆయన చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించింది. కుప్పంలో ఎవరినీ ఏ కాగితమూ అడగకూడదు. ఆయన చిన్నపిల్లవాడిలా ఒప్పుకున్నాడు. పెద్దమనిషిగా మాట్లాడడానికి నన్ను రమ్మన్నారు.

ఉదయం ఏడింటికి డ్రైవింగు స్కూలు కారులోనే బయలుదేరాం. ముందూ వెనకా ఎర్ర రంగు ఎల్ అక్షరంతో. మాస్టరు స్టీరింగు దగ్గర, పక్కన నేర్పేవాడి సీట్లో నేను, నా కాలి కింద రెండో బ్రేకు. వెనక మాస్టరు భార్య, అమ్మాయి, గంగులప్ప, వాళ్ళ ఒళ్ళో చీర, పండ్లు, తాంబూలం పళ్ళేలు. అమ్మాయి ముఖం కళకళలాడుతోంది. ఆమె ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడుతోందని, ఆమెకు అతనంటే ఇష్టమని అందరికీ తెలుసు, తెలియనట్టు ఉన్నాం. మాస్టరు చొక్కా జేబు తట్టుకుని, "ఇంజను నంబరు సెప్పు అయివారూ" అన్నాడు సరదాగా. నేను నేర్చుకున్న పాత కారుది చెప్పాను. ఈ జన్మకు మరిచిపోను దాన్ని.

పుంగనూరు దాటిన కాసేపటికి పోలీసులు బండ్లు ఆపుతున్నారు. మాస్టరు ముఖం వెలిగిపోయింది. తనిఖీ అంటే ఆయనకు పండగ. అడగకముందే దిగి, జేబులోంచి కాగితం తీసి, రెండు చేతులతో అందించాడు. ఆ కానిస్టేబులు ఆయన శిష్యుడే. "మీదేం సూస్తాం సార్, పోండి" అన్నాడు. "సూడాల," అన్నాడు మాస్టరు. కానిస్టేబులు నవ్వుకుంటూ చూశాడు. తర్వాత నవ్వు ఆపి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"తేదీ మీద బొట్టుండాది సార్. కనపడల్యా."

"ఈ నెలాఖరు," అన్నాడు మాస్టరు కళ్ళు మూసుకుని.

కానిస్టేబులు ఎందుకైనా మంచిదని ఫోనులో బండి నంబరు కొట్టి చూశాడు. చూసి, నా వైపు ఒకసారి, మాస్టరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇరవై మూడు సార్. మొన్ననే అయిపోయింది" అన్నాడు.

ఏం జరిగిందంటే, నెలాఖరు అన్నది పాత కారు తేదీ. ఈ కారు పోయినేడాదే కొన్నాడు. కొన్న నెలలోనే ఆయుధ పూజ వచ్చింది, గంగులప్ప బొటనవేలు సరిగ్గా గడువు తేదీ మీద పడింది. వేరే ఎవరైనా అయితే గోటితో గీకి చూసుకునేవాళ్ళు. గంగులప్ప పెట్టిన బొట్టును చెరపడం మాస్టరు వల్ల కాలేదు. అలా ఏడాది పాటు ఊరందరి తేదీలూ గుర్తుపెట్టుకుని, వాళ్ళ గుమ్మాల్లో నిలబడి హెచ్చరించిన మనిషి, తన జేబులో ఉన్న తేదీని ఒక్కసారీ చూసుకోలేదు.

మాస్టరు బొట్టును ఒకసారి చూశాడు. తర్వాత కారు తాళం తీసి కానిస్టేబులు చేతిలో పెట్టి, "కేసు రాయప్పా" అన్నాడు.

"ఏం సార్ మీరు! నిశ్చితార్థానికి పోతాండారు, పొండి. మీరెవురో నాకు తెలీదా?"

"నేనెవురో తెలిస్తే కాయితం బతుకుతాదా? పుంగనూరు నుంచి ఈడికి బీమా లేకుండా వచ్చినాను. మదనపల్లె నుంచి పుంగనూరుకి గూడా. రెండు రాసుకో."

"ఒకటే సార్ అది!"

వెనక టమేటా లారీలు హారన్లు కొడుతున్నాయి. కానిస్టేబులు చేతులు జోడించి పొమ్మంటాడు, ఈయన చేతులు జోడించి రాయమంటాడు. చివరకు అతను ఏడుపు ముఖంతో జరిమానా రాశాడు. మాస్టరు రసీదు చూసి, కానిస్టేబులు వేసిన సంతకం సరిగా లేదని మళ్ళీ పెట్టించాడు. అది అయ్యాక అయినా బయలుదేరతాడేమో అనుకున్నాం. జరిమానా కట్టినంత మాత్రాన బీమా వచ్చినట్టు కాదట. నేను ఫోను తీసి అక్కడికక్కడే కట్టేద్దామని చూశాను. డబ్బు ఇప్పుడు తీసుకుంటారుగానీ అమలు రేపటి నుంచే అని ఉంది.

"అయితే కారు రేపటిదాకా కదలదు," అన్నాడు మాస్టరు. "ఇది బహిరంగ స్థలం. ఈడ నిలబడేదీ తప్పే."

నేనూ కానిస్టేబులూ, పట్టుచీరలో ఉన్న అమ్మాయీ, ఆమె అమ్మా కలిసి కారును రోడ్డు పక్కన మామిడితోటలోకి తోశాం. గంగులప్ప కర్రతో దారి చూపించాడు. తోట యజమాని, ఎవరో రైతు, తువ్వాలు దులుపుకుంటూ పరుగున వచ్చాడు. మాస్టరు అతనికి నమస్కారం పెట్టి అడిగిన మొదటి మాట, "ఇది పట్టా భూమేనా అప్పా?"

రైతు ముఖం పాలిపోయింది. వెనక పోలీసు, కళ్ళజోడు పెట్టుకుని నేను, ఎర్ర అక్షరం ఉన్న కారు. "సర్వేకి వచ్చినారా సార్? మా తాతనాటి నుంచి ఉండాం. పాసుబుక్కు ఇంట్లో ఉండాది, తెస్తాను," అన్నాడు.

"సర్వే కాదప్పా. సొంత భూమైతే సాలు. సొంత భూమిలో బీమా లేకున్నా బండి నిలపచ్చు."

రైతుకు ఇంకా అనుమానం పెరిగింది. "ఆ కొస మాత్రం పోరంబోకు సార్, నిజమే సెప్తాండాను. నాలుగు సెట్లే పెట్టినాను."

మాస్టరు గభాలున చూసుకున్నాడు. కారు వెనక చక్రాలు రెండూ ఆ కొసలోనే ఉన్నాయి. అందరం మళ్ళీ తోశాం. నాలుగు చక్రాలూ పట్టా భూమిలోకి వచ్చాక ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. రైతు ఎందుకైనా మంచిదని మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

అప్పటికి తొమ్మిది దాటింది. నాకు కోపం ఆగలేదు. "మాస్టరూ, ఒక్క రోజు, ఒక్క ప్రయాణం. ఎవడూ పట్టుకోడు, పట్టుకున్నవాడే పొమ్మంటున్నాడు. ఇది చట్టం కాదు, మూర్ఖత్వం," అన్నాను. అమ్మాయి అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు బయటపడింది. "నాయనా, నాకంటే నీకా కాయితమే ఎక్కువ. మూడోది గూడా పోగొట్టు. నేను ఈ తోటలోనే ఉండిపోతాను" అంది.

గంగులప్ప మామిడి చెట్టుకు ఆనుకుని, కర్ర పక్కన పెట్టి, నాతో చెప్పాడు. "మీకు తెల్దు గదా అయివారూ. నా కాలు తీసింది ఈయప్పే. అప్పుడు బాడుగ జీపు తోలుతాండె, ఇరవై ఏండ్లోడు. నిమ్మనపల్లె దోవలో నేను గొర్రెలు దాటిస్తాండాను. జీపుకి కాయితం ల్యా. ఓనరు జీపు నాది కాదనె. కోర్టుకి పోతే, బీమా ఉంటే దుడ్లు వచ్చుండు అనిరి. గొర్రెలు అమ్మి కాలు తీయించుకున్న్యా. అంతే."

అంతే అన్న మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు ఏం చేయాలో తెలియక మజ్జిగ గ్లాసు రెండోసారి తాగాను. అందులో ఏమీ లేదు.

"ఈయప్ప ఆపొద్దు నుంచి నా యెంటే ఉండాడు," అన్నాడు గంగులప్ప. తర్వాత మాస్టరు వైపు తిరిగి గద్దించాడు. "సాలప్పా ఇంక. నా కాలి మీద ఒట్టు, పిల్ల కోసరం నడుపు."

"లేని కాలి మీద ఒట్టు సెల్లదు," అన్నాడు మాస్టరు.

"ఉండే కాలి మీద పెడతా."

"అది నాకు కావాల. దాని మీద పెట్టొద్దు."

తర్వాత కూతురి దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాడు. "నిన్ను పెండ్లి కూతుర్ని సేసేదానికి పోతా పోతా, దోవలో ఎవురినన్నా గుద్దితే? ఆళ్ళింట్లో గూడా ఒక పిల్ల ఉంటాది గదమ్మా. గంగులప్పకి ఉండె. దాని పెండ్లి నిలిసిపోయింది నా వల్ల." నేను ఆ మనిషిని అంతకాలం తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను. అమ్మాయి ముక్కు తుడుచుకుని, "అయితే బస్సుకి పోదాం" అంది.

రోడ్డెక్కి పలమనేరు బస్సు ఎక్కాం, అక్కడి నుంచి కుప్పం బస్సు. ప్రభుత్వ బస్సులకు చట్టం వేరే ఏర్పాటు చేసిందని మాస్టరు నాకు వివరించి, నిశ్చింతగా కూర్చున్నాడు. నేను పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని నిలబడ్డవాళ్ళ మోచేతుల నుంచి తమలపాకులను కాపాడుకుంటున్నాను. పదకొండుకు అబ్బాయి తండ్రి ఫోను చేశాడు. "ఏం సార్, గడియ పోతా ఉండాది, మమ్మల్ని ఏమనుకున్నారు?" కారు ఆగిపోయిందని చెప్పాను. అబద్ధం కాదు, మామిడితోటలో ఆగే ఉంది. ఆయన ఇంకేమీ అనకుండా పెట్టేశాడు. అమ్మాయి నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగింది.

కుప్పం బస్టాండులో అబ్బాయి ఒక్కడే మోటారు సైకిలుతో నిలబడి ఉన్నాడు. వాళ్ళ నాన్న వెళ్ళొద్దన్నా వచ్చాడట. "పెద్దాయనకి నడక కష్టం గదా మామా, ఎక్కమనండి, ఇంటి కాడ దింపేసి మళ్ళీ వస్తాను," అని గంగులప్పను చూపించాడు. మాస్టరు నోరు తెరిచాడు. ఆయన భార్య వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. దేవుడి పటం ముందు వేసిన ఒట్టు నాకూ గుర్తుంది. నేను గట్టిగా దగ్గాను. మాస్టరు భార్యను చూశాడు, నన్ను చూశాడు, గంగులప్పను చూశాడు.

"బండికి కాయితం ఉండాదా నాయనా?"

అయిపోయింది అనుకున్నాను. మూడోది కూడా పోయింది.

అబ్బాయి తల గీరుకున్నాడు. "లేదు మామా. పోయిన నెలే అయిపోయింది. కట్టాల కట్టాల అని..." ఆగి, మా అందరి ముఖాలూ చూశాడు. అమ్మాయి అతనికి ముందే ఫోనులో చెప్పిందో, అతనికే తోచిందో నాకు ఈనాటికీ తెలియదు. ఇంజను తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "అయితే తోసుకుంటా వస్తాను," అన్నాడు.

తోసే బండి మీద గంగులప్ప కూర్చోవచ్చా అన్నది తర్వాతి సమస్య. మాస్టరు బస్టాండు మధ్యలో నిలబడి చాలాసేపు ఆలోచించి, తాళం తీసి ఉంది కాబట్టి అది కుర్చీతో సమానమని తీర్పు చెప్పాడు. అలా కుప్పం బజారులో మా ఊరేగింపు సాగింది. బండి మీద ఒళ్ళో తాంబూలం పళ్ళెంతో గంగులప్ప, తోస్తూ చెమటలు కక్కుతూ పెళ్ళికొడుకు, వెనక పట్టుచీరల్లో ఆడవాళ్ళు, చివర పండ్లతో నేను. పూల దుకాణం దగ్గర ఒక ముసలమ్మ గంగులప్పే పెళ్ళికొడుకని, ఈ వయసులో ఇదేం పోయేకాలమని ముక్కు మీద వేలేసుకుంది. గంగులప్ప ఆమెకు దండం పెట్టాడు. మాస్టరు నా పక్కన నడుస్తూ, "పిల్లోడు మంచోడు అయివారూ," అన్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

అబ్బాయి తండ్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, కోపంగా. చెమటతో తడిసి బండి తోసుకొస్తున్న కొడుకును చూసి తిట్లు మరిచిపోయాడు. పురోహితుడు పంచాంగం తిరగేసి ఒంటిగంటన్నరకు ఇంకో మంచి గడియ కనిపెట్టాడు. తాంబూలాలు మారాయి.

ఇదంతా జరిగి ఐదేళ్ళు. పోయిన మాఘంలో మాస్టరు పోయాడు. తెల్లవారి లేచి, స్కూటరు తుడిచి, గుమ్మంలో కూర్చుని, అంతే. బాధ పడలేదన్నారు.

కుప్పం నుంచి కూతురూ అల్లుడూ వచ్చారు. ఎప్పుడూ వేసుకునే ఆ చొక్కానే తొడిగారు. వైకుంఠ రథం వచ్చి సందులో ఆగింది. అందరం ఎత్తబోతుంటే కూతురు అడ్డంగా నిలబడింది. డ్రైవరును అడిగింది, "అన్నా, బండికి బీమా ఉండాదా?"

డ్రైవరుకు అర్థం కాలేదు. "సచ్చిపోయినాయనకి బీమా యాలమ్మా?"

"ఆయనకి కాదన్నా. దోవన పోయేటోళ్ళకి."

బంధువుల్లో ఎవరో విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు. డ్రైవరు గొణుక్కుంటూ డాష్‌బోర్డు వెతికి కాగితం తెచ్చాడు. ఆమె దాన్ని పైకి చదివింది. బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ. గడువు ఇంకా నాలుగు నెలలుంది. నాలుగు మడతలు పెట్టి నాన్న లోపలి జేబులో పెట్టింది. బండి కదిలింది.

శ్మశానంలో అన్నీ అయ్యాయి. గుంతలోకి దించబోతుండగా, గేటు దగ్గర బీడీ కాలుస్తున్న డ్రైవరు బీడీ పారేసి కేకలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఆపండప్పా, ఆపండి! నా కాయితం! కాయితం లేకుండా నేను వెనక్కి యట్ల పోయేది?"

మోసేవాళ్ళు ఆగి, మళ్ళీ గట్టు మీద పెట్టారు. తర్వాత అల్లుడికి నవ్వొచ్చింది, ఏడుస్తూనే నవ్వాడు. నాకూ వచ్చింది. మాస్టరు బతికుండగా మదనపల్లెలో ఏ డ్రైవరూ బీమా కాగితం కోసం ఇలా పరుగెత్తడం నేను చూడలేదు. ఆయన చూసి ఉంటే ఎంత పొంగిపోయేవాడో.

గంగులప్ప కర్ర పక్కన పడేసి, మట్టిలో కూర్చుండిపోయి, వంగి, మాస్టరు జేబులోంచి కాగితం తీశాడు. అప్పుడే పసుపు కుంకుమ చల్లిన చేతులు. కాగితం మీద బొటనవేలి ముద్ర ఎర్రగా పడింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. డ్రైవరుకు అందిస్తూ అన్నాడు, "తేదీ కనపడతాండాదా సూసుకోప్పా."

డ్రైవరు కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి చూశాడు. "కనపడతాండాది తాతా," అన్నాడు.

అప్పుడు దించాం.